చెక్క నేల మీద కుక్క ఉచ్చ: మరక ఎందుకు నల్లబడుతుంది, ఎంతవరకు పోతుంది

నెల్లూరు వైపు గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బట్టలు ఒక పట్టాన ఆరవు, తలుపులు బిగుసుకుంటాయి, డబ్బాలో ఉప్పు నీరుకారుతుంది. కుక్కనో పిల్లినో పెంచుకునే ఇళ్లలో దీనికి తోడు ఇంకొకటి. మే నెలలో ఎప్పుడో తుడిచేసి మరిచిపోయిన ఉచ్చ వాసన నవంబరులో మళ్లీ లేస్తుంది. కుక్క మళ్లీ పాడుచేసిందేమోనని సోఫా కింద, మంచం కింద వెతుకుతారు. ఎక్కడా తడి ఉండదు. పాపం, ఆ కుక్క మాత్రం తిట్లు తింటుంది.

ఉప్పు డబ్బాలో జరిగిందే నేలలోనూ జరిగింది. మూత్రంలోని నీళ్లు ఆరిపోయాక లవణాలు, యూరియా, మరికొన్ని పదార్థాలు చెక్క రంధ్రాల్లో ఉండిపోతాయి. గాలిలో తేమ పెరగ్గానే అవి దాన్ని పీల్చుకుంటాయి. తేమ తగిలితే బాక్టీరియా మళ్లీ పని మొదలుపెడుతుంది, అమ్మోనియా మళ్లీ పుడుతుంది. మేలో తుడిచింది పైనున్న తడిని మాత్రమే. లోపలికి దిగింది అలాగే ఉంది. ఏ లిక్విడ్ మంచిది, ఏ పొడి మంచిది అని ఎంత వాదించుకున్నా, అది ఎంత లోతుకు దిగిందో తేలకుండా ఆ వాదనకు అర్థం లేదు.

ముందు అది చెక్కేనా?

మన దగ్గర చెక్క నేల అనగానే కొంచెం ఆగాలి. నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఎక్కువ నేలలు గ్రానైట్, టైల్స్, పాత ఇళ్లయితే నాపరాళ్లు. కొత్త ఫ్లాట్లలో మాస్టర్ బెడ్‌రూమ్‌కో, హోమ్ థియేటర్ గదికో 'వుడెన్ ఫ్లోరింగ్' వేయిస్తున్నారు. అందులో అసలు చెక్క ఎంత అన్నది వేరే సంగతి.

నిఖార్సైన టేకు పలకలు వేసిన నేలలు తక్కువ. ఎక్కువ ఇళ్లలో ఉండేది లామినేట్: చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన బోర్డు, దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆ పైన గట్టి పారదర్శక పొర. ఈ రెండింటికీ మధ్యలో ఉండేది ఇంజినీర్డ్ వుడ్. ప్లైవుడ్ లాంటి అడుగు మీద కొన్ని మిల్లీమీటర్ల అసలు చెక్క అతికిస్తారు. ఇవి కాక వినైల్ పలకలు, చెక్కలా కనిపించే విట్రిఫైడ్ టైల్స్ కూడా ఉన్నాయి. వేయించుకున్నవాళ్లకే తమ కాళ్ల కింద ఏముందో తెలియకపోవడం మామూలే. గుమ్మం దగ్గర అంచు పట్టీ తీసి పలకను పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. నాలుగైదు పలకలకు ఒకసారి అదే ముడి, అదే గీత తిరిగి కనిపిస్తుంటే అది అచ్చేసిన బొమ్మ. చెట్టులో ఒకేలాంటి ముడులు వరసగా రావు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం అమెరికాలోని ఓక్ నేలల కోసం రాసినవి. అక్కడ పలక ముప్పావు అంగుళం మందం ఉంటుంది, గీకి పాలిష్ వేసుకోవచ్చు. అదే సలహా చూసి లామినేట్ మీద ఉప్పుకాగితం పెడితే మరకతో పాటు చెక్క బొమ్మ కూడా లేచిపోతుంది, కింద మట్టిరంగు బోర్డు బయటపడుతుంది. లామినేట్‌కు పైనుంచి మరక పట్టదు. ఉచ్చ అతుకుల్లోంచి దిగి బోర్డు అంచుల్ని ఉబ్బిస్తుంది. ఒకసారి ఉబ్బిన అంచు మళ్లీ సమం కాదు. ఆ పలక మార్చడమే దారి. అందుకే పని అయ్యాక మిగిలిన నాలుగు పలకల్ని ఫ్లోరింగ్ వాళ్లు పట్టుకెళ్లకుండా అటక మీద పెట్టుకోవడం తెలివైన పని. రెండేళ్ల తర్వాత అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఇక అసలు చెక్క సంగతి. నేల ఒక్కటే కాదు, టేకు తలుపులు, గడపలు, ఉయ్యాల బల్లలు, అలమరల కాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మగపిల్లి నిలబడి వెనక్కి చిమ్మేది వీటి మీదే.

శ్రీకాళహస్తి నలుపు

తాజా మూత్రానికి పెద్దగా రంగు లేదు. కుక్కదైనా పిల్లిదైనా అది కొంచెం ఆమ్లంగానో, దాదాపు తటస్థంగానో ఉంటుంది. కానీ దాంట్లోని యూరియాను బాక్టీరియా విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. గంటల్లో మొదలై రోజుల తరబడి సాగే ఈ పని మన ఎండలకు ఇంకా త్వరగా సాగుతుంది. ఆమ్లంగా మొదలైన తడి క్షారంగా మారుతుంది. చెక్కకు అసలు నష్టం చేసేది ఈ రెండో దశ.

చెక్కలో టానిన్లు ఉంటాయి. తోళ్లు ఊనడానికి తుమ్మ బెరడు, తంగేడు బెరడు వాడేది వాటిలోని టానిన్ కోసమే. కరక్కాయ నమిలితే నోరు వగరెక్కేదీ దానివల్లే. టానిన్‌కు క్షారం తగిలితే రంగు ముదురుతుంది. పడమటి దేశాల వడ్రంగులు ఓక్ బీరువాలను మూసిన గదిలో అమ్మోనియా ఆవిరికి పెట్టి, కావాలనే ముదురు గోధుమరంగు తెప్పించేవారు. కుక్క అదే పనిని గది మధ్యలో, అడగకుండా చేస్తుంది.

దీనికి ఇనుము తోడైతే గోధుమరంగు కాస్తా నలుపవుతుంది. ఇది అర్థం కావాలంటే నెల్లూరు నుంచి శ్రీకాళహస్తి దాకా వెళ్తే చాలు. కలంకారీ వాళ్లు బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. నలుపు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లలో ముంచిన కలం బట్టకు తాకగానే గీత నల్లబడుతుంది. బట్టలోని టానిన్, నీళ్లలోని ఇనుము కలిసి బట్టలోనే పుట్టించిన నలుపది. పైన పూసిన రంగు కాదు కాబట్టే ఉతికినా పోదు. పాత టేకు తలుపుకు కొట్టిన ఇనుప మేకు చుట్టూ వాన తగిలిన చోట కనిపించే నల్లటి వలయం కూడా ఇదే. నేలలో మేకులు, స్క్రూలు, నీళ్లలోని ఇనుము దీనికి చాలినంత ముడిసరుకు ఇస్తాయి. తడి నిలిచిన చోట బూజు కూడా చేరి నలుపుకు నలుపు కలుపుతుంది.

కాబట్టి నల్లమరకను సబ్బుతో తోమడం అంటే కలంకారీ గీతను సబ్బుతో తోమడమే. అక్కడ మురికి లేదు, రంగు మారిన చెక్క ఉంది.

పాలిష్ ఉంటే ఇదంతా జరగదు కదా అనిపిస్తుంది. మంచి పీయూ (పాలియురేథేన్) కోటింగ్ చెక్క మీద పొరలా కూర్చుంటుంది, తడి పైనే ఆగుతుంది. నిమిషాల్లో తుడిస్తే ఏమీ కాదు. కానీ కోటింగ్ ఉండేది పలక పైముఖానికి. పలకకూ పలకకూ మధ్య ఉన్న అంచుకు చాలాసార్లు ఉండదు. రోహిణి కార్తెలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, సందులు విచ్చుకుంటాయి. కుక్క ఉచ్చ నేరుగా ఆ సందుల్లోకే దిగుతుంది. తర్వాత వానల్లో చెక్క ఉబ్బి సందు మూసుకుంటుంది, లోపలిది లోపలే. పాత ఇళ్లలోని లక్క పాలిష్ సంగతి ఇంకా నాజూకు. లక్క క్షారానికి కరుగుతుంది. అమ్మోనియా దాన్నే ముందు తినేసి, తర్వాత చెక్క పని పడుతుంది. ఉదయగిరి చెక్క గరిటె మీద వార్నిష్ ఉండదు కాబట్టే పులుసు రంగు పట్టేస్తుంది. పొర పోయిన నేలా అంతే.

మెట్టు మెట్టుగా

అప్పుడే పడింది అయితే రుద్దకూడదు, అద్దాలి. పాత పంచె ముక్కనో కాటన్ టవల్‌నో మడత పెట్టి, పైన కాలు వేసి నొక్కితే సందుల్లోంచి కూడా తడి పైకి వస్తుంది. పొడిగుడ్డ మార్చి మార్చి రెండు మూడుసార్లు నొక్కాలి. తర్వాత సబ్బు చుక్క వేసిన తడిగుడ్డతో ఒకసారి, ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి తుడిచి ఫ్యాన్ వేస్తే అక్కడితో కథ ముగుస్తుంది. బకెట్ నీళ్లు పోసి కడగడం రాతి నేల అలవాటు. చెక్క మీద అది ఉచ్చను ఇంకా లోపలికి తోస్తుంది. స్టీమ్ మాప్ కూడా వద్దు.

ఎండిపోయి రంగు మారింది అయితే, రంగు పొరలో ఉందా చెక్కలో ఉందా చూడాలి. మరక పసుపుగా, మబ్బుగా ఉంటే ఎక్కువసార్లు అది పాలిష్‌లోనే ఉంటుంది. సన్న ఉప్పుకాగితంతో పై పొర తీసి మళ్లీ పాలిష్ వేస్తే పోతుంది. నల్లగా, అంచులు స్పష్టంగా ఉంటే చెక్కలోకి దిగింది. అప్పుడు పాలిష్ పొర తీయకుండా పైన ఏ ద్రావణం పోసినా అది చెక్కను చేరదు. పాపం చాలామంది ఇక్కడే డబ్బు, ఓపిక రెండూ పోగొట్టుకుంటారు.

పొర తీశాక మొదట ప్రయత్నించాల్సింది హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరుకుతుంది. సీసా మీద శాతానికి బదులు 'వాల్యూమ్' అని ఉంటే 10 వాల్యూమ్ అంటే సుమారు 3 శాతం, 20 వాల్యూమ్ అంటే సుమారు 6 శాతం. 20 వాల్యూమ్‌ది అయితే సమానంగా నీళ్లు కలిపి మొదలుపెట్టడం మంచిది. గుడ్డను దాంట్లో తడిపి మరక మీద మాత్రమే పరిచి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి గంటకోసారి తీసి చూడాలి. రాత్రంతా ఉంచాల్సి రావచ్చు. ఇది రంగు పదార్థాన్ని ఆక్సీకరించి విరగ్గొడుతుంది, చెక్క అసలు రంగును కూడా కొంచెం తేలుస్తుంది. అందుకే ముందు అలమర కింద ఎవరికీ కనపడని మూల చూసుకోవాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి.

పెరాక్సైడ్‌కు లొంగనిది, ముఖ్యంగా మేకుల చుట్టూ నీలినలుపుగా ఉన్నది, ఇనుము కలిసిన మరక. దానికి ఆక్సాలిక్ యాసిడ్. చుక్కకూర పులుపులో ఉండేదీ ఈ ఆమ్లమే. గట్టిగా కలిపినప్పుడు మాత్రం అది విషం, కళ్లకు మూత్రపిండాలకు హాని. లీటరు వేడి నీళ్లకు సుమారు 100 గ్రాముల స్ఫటికాలు, ప్లాస్టిక్ లేదా గాజు పాత్రలో కలపాలి. ఇనుప బకెట్‌లో కలిపితే మరకలోని ఇనుమును పట్టుకోవాల్సిన ఆమ్లం బకెట్‌నే పట్టుకుంటుంది. మరకతో పాటు పలక మొత్తం తడిపితే రంగు తేడా రాదు. ఆరాక ఉత్త నీళ్ల గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి ఆమ్లాన్ని పూర్తిగా తీయాలి. తీయకుండా గీకితే లేచే పొడి ముక్కుల్లోకి వెళుతుంది. పెంపుడు జంతువు, పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. అమ్మోనియా వల్ల వచ్చిన గోధుమరంగుకు ఆక్సాలిక్ యాసిడ్ అంతగా పనిచేయదు. సగం మరక పోయి సగం మిగలడానికి కారణం ఇదే: ఒకే మచ్చలో రెండు రకాల రంగులు ఉంటాయి.

రెండూ అయ్యాక మిగిలింది లోతు. టేకు పలక అయితే యంత్రంతో గీకవచ్చు. ఇంజినీర్డ్ వుడ్‌కు పైచెక్క మందం ఎంతో తెలియకుండా గీకనివ్వకూడదు. గీకినా నలుపు వస్తూనే ఉంటే ఆ ఒక్క పలక కోసి వేరేది వేయడం మేలు. పాలిష్ మేస్త్రీ 'డార్క్ కలర్ కొట్టేద్దాం, కనపడదు' అంటాడు. కనపడదు నిజమే, వాసన మాత్రం కనపడకుండానే వస్తుంది.

వాసన వేరే లెక్క

రంగు పోయినంత మాత్రాన వాసన పోదు, వాసన పోయినంత మాత్రాన రంగు పోదు. దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్లు వాసనకే. యూరియాను, ప్రోటీన్లను, మిగతా సేంద్రియ పదార్థాలను అవి విరగ్గొడతాయి. అవి పనిచేయాలంటే తడిగా ఉండాలి, సమయం ఇవ్వాలి. కొట్టి వెంటనే తుడిచేస్తే ఎంజైమ్ కూడా గుడ్డతో పాటే వెళ్లిపోతుంది. కానీ చెక్కకు నిలిచిన తడి పడదు. ఈ ఇరకాటంలో కొద్దికొద్దిగా, నాలుగైదు సార్లు వేయడమే నయం.

ప్రకటనల్లో 'యూరిక్ యాసిడ్ స్ఫటికాలు' అని గట్టిగా చెబుతుంటారు. మనుషుల్లో ఆ మాట చెల్లుతుంది. కుక్కలూ పిల్లులూ యూరిక్ యాసిడ్‌లో చాలా భాగాన్ని అల్లంటోయిన్ అనే తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చి వదులుతాయి. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలుండే డాల్మేషియన్ జాతి మాత్రం దీనికి మినహాయింపు. ఇక పిల్లి ఉచ్చకు ఆ ఘాటు ఎందుకంటే, పిల్లులు ఫెలినిన్ అనే ప్రత్యేక పదార్థాన్ని వదులుతాయి. అది నెమ్మదిగా విరిగి గంధకం ఉన్న వాసన రసాయనాలను పుట్టిస్తుంది. ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఇది చాలా ఎక్కువ. మొదటిరోజు కన్నా మూడోరోజు కంపు ఎక్కువగా ఉండటం అందుకే.

ఎక్కడ వాసన వస్తోందో ముక్కుతో తేల్చుకోలేకపోతే, నోట్లు చూడటానికి దుకాణాల వాళ్లు వాడే అల్ట్రావయొలెట్ టార్చ్ పనికొస్తుంది. రాత్రి లైట్లార్పి వేస్తే పాత ఉచ్చ పచ్చటి పసుపుగా మెరుస్తుంది. సబ్బుపొడి మిగిలిన చోట కూడా మెరుస్తుంది కాబట్టి మెరిసిన ప్రతి మచ్చకూ కుక్కను నిందించనక్కర్లేదు.

ఇంట్లో ఉన్నవాటితో ప్రమాదం

వంటసోడా పొడిగా చల్లి మర్నాడు ఊడ్చేస్తే కొంత వాసన లాగుతుంది, మంచిదే. దాన్ని నీళ్లతో ముద్ద చేసి టేకు మీద గంటల తరబడి ఉంచితే అదీ క్షారమే కాబట్టి మరక ఇంకా ముదురుతుంది. అంట్లు తోమే బూడిదా అంతే. వెనిగర్ నీళ్లలో పలచగా కలిపి తుడిస్తే అమ్మోనియాను చంపుతుంది, పాలిష్ బాగున్న చెక్కకు ఇబ్బంది లేదు. అదే చేయి గది దాటి హాల్లోని పాలరాయి మీదకో, కడప బండల మీదకో వెళ్లకూడదు. అవి సున్నపు జాతి రాళ్లు, పులుపు వాటిని తింటుంది, మెరుపు పోతుంది.

నిజంగా భయపడాల్సింది బ్లీచింగ్ పౌడర్‌కు. రొయ్యల చెరువుల పుణ్యమా అని ఈ తీరంలో అది సంచుల లెక్కన దొరుకుతుంది, ఇళ్లలోనూ ఉంటుంది. పాత ఉచ్చలోని అమ్మోనియాతో అది కలిస్తే క్లోరమైన్ వాయువులు పుడతాయి. ఏసీ గదిలో తలుపులు మూసి ఇది చేస్తే కళ్లు మండటం, దగ్గు, ఊపిరాడకపోవడం. బ్లీచింగ్ మీద బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్, అది ఇంకా చెడ్డది. ఫినాయిల్ వాసనను కప్పుతుందే తప్ప తీయదు. పైగా పిల్లి కాలేయానికి ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, కాళ్లు నాక్కుంటుంది. పిల్లి ఉన్న ఇంట్లో నల్ల ఫినాయిల్ ఉండకపోవడమే మంచిది. అమ్మోనియా కలిపిన క్లీనర్ అయితే కుక్కకు 'ఇక్కడే పోయి' అని బోర్డు పెట్టినట్టు.

రాతి నేలల గురించి రెండు ముక్కలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పాలిష్ మీద ఉచ్చ పైనే నిలుస్తుంది, తుడిస్తే పోతుంది. అక్కడ వాసన దాక్కునేది రాళ్ల మధ్య వైట్ సిమెంట్ అతుకుల్లో. మార్కాపురం పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, సీలర్ వేయకపోతే బాగానే తాగుతుంది.

ఇన్నాళ్లూ బయటికి వెళ్లే అలవాటున్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తుంటే నేల సంగతి తర్వాత, ముందు పశువుల డాక్టరుకు చూపించాలి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ జబ్బు, ఏదైనా కావచ్చు. మగపిల్లి పదేపదే కూర్చుని చుక్కలు మాత్రమే పోస్తుంటే నాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది గంటల్లో ప్రాణం మీదకు వచ్చే సంగతి.

చివరగా పాలిష్ ఎప్పుడు వేయించాలన్నది. చెక్క లోపల మిగిలిన వాసనను బంధించడానికి మైనం తీసిన లక్కను ఒక పూత వేసి, దానిపైన పీయూ వేస్తారు. లక్క వాసనను బాగా ఆపుతుంది, కానీ క్షారానికి నిలవదు కాబట్టి పైన పీయూ లేకుండా వదలకూడదు. ఈ పని వానల్లో చేయిస్తే లక్కను కరిగించిన స్పిరిట్ ఆరేటప్పుడు తేమ పట్టి లక్క పాలలా తెల్లబడుతుంది, ఉబ్బి ఉన్న చెక్కలోని తడి కూడా కోటింగ్ కిందే ఉండిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే లోపు, సందులు విచ్చుకుని ఉన్నప్పుడు చేయిస్తే లోపలి అంచులకు కూడా బ్రష్ అందుతుంది. ముందు గుడ్డతో సందులు శుభ్రం చేసి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, అప్పుడు పూత వేయమని మేస్త్రీకి మరీ మరీ చెప్పాలి. తొందరలో వాళ్లు దాటేసేది సరిగ్గా ఆ రెండు మూడు రోజులనే.